నాయకుల ఇళ్ళు – చాందా నుండి చూస్తే



వేసవి సెలవులకు కొద్ది రోజుల ముందు ఏడవ తరగతిలో రాష్ట్రపతి భవనాన్ని గురించి చెప్పి పుస్తకం మూస్తుండగా ఒక బాలిక లేచి నిలబడింది. "టీచర్, సెలవుల్లో మేము మంచిర్యాలలో అమ్మమ్మ వాళ్ళింటికి పోతాం. రాష్ట్రపతిగారు ఏ ఊరికి పోతారు?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం అది నవ్వదగిన ప్రశ్నగా తోచలేదు. చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలోని మన పిల్లలకు రెండు ఇళ్ళ సంగతి బాగా తెలుసు. బొగ్గు గనుల కాలనీలోనో కాగితపు మిల్లు దగ్గరనో ఉన్న ఇల్లు ఒకటి; కాజీపేట వైపు రైలెక్కితే వచ్చే ఇల్లు ఇంకొకటి. దేశాన్ని ఏలేవారికి కూడా అలాంటి రెండవ ఇల్లు ఉంటుందా అన్నదే ఆ పిల్ల సందేహం. ఉంటుంది. ఆ ఇళ్ళను గురించి చెప్పబూనితే ఒక మంచి చరిత్ర పాఠమే తయారవుతుంది. దానిని నేను ఎట్లా చెప్పదలచుకున్నానో మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఆ బాలిక ప్రశ్నకు సమాధానం. మన రాష్ట్రపతికి ఢిల్లీ వెలుపల పేరుగాంచిన విడిది గృహాలు రెండు ఉన్నవి. ఒకటి సిమ్లా సమీపాన మషోబ్రాలో, కొండ మీద కట్టిన కొయ్య ఇల్లు. రెండవది సికిందరాబాదులోని బొల్లారంలో ఉన్న రాష్ట్రపతి నిలయం. దక్షిణాదిన కూడా రాష్ట్రపతి కొన్ని రోజులు నివసించాలన్న సంప్రదాయం బాబూ రాజేంద్రప్రసాద్ కాలం నుండి వస్తున్నది. సాధారణంగా డిసెంబరు మాసంలో ఈ విడిది జరుగుతుంది. కనుక మన పిల్లలు పోయే రైలు దారినే, మరికొంత దూరం పోతే, రాష్ట్రపతి సెలవుల ఇల్లు వస్తుందని చెప్పవచ్చును.

బొల్లారం ఇంటిని 1860లో కట్టారు. రాష్ట్రపతి అన్న మాటే లేని ఆ రోజులలో దానిని కట్టినది నిజాం దర్బారులో ఆంగ్లేయుల ప్రతినిధిగా ఉండిన రెసిడెంటు కోసం. ఆయనకు అప్పటికే హైదరాబాదు నగరంలో, కోఠీలో, రాజభవనమంత రెసిడెన్సీ ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కర్క్‌పాట్రిక్ కట్టించినది అది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వాన జనం ఆ రెసిడెన్సీ పైకి వెళ్ళారు. ఆ దాడిని ఆంగ్లేయులు అణచివేశారు. మూడేళ్ళ తరువాత నగరానికి దూరంగా, సైన్యం విడిసి ఉన్న బొల్లారంలో రెసిడెంటుకు ఈ ఇల్లు ఏర్పడింది. దీనిని విశ్రాంతి గృహమనే అంటారు. తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం, విశ్రాంతితో పాటు నిశ్చింత కోసం కూడా కట్టుకున్న ఇల్లేమో అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఈ రెండు తేదీల మధ్య మన ఊరి తేదీ ఒకటి ఉన్నదని పిల్లలకు తప్పక చెప్పండి. 1858 అక్టోబరు 21న గోండు జమీందారు బాబూరావు శెడ్మాకేను చాందా కారాగారంలో ఉరి తీశారు. 1857, 1858, 1860 అని బల్ల మీద వ్రాసి, వాటి ఎదుట హైదరాబాదు, చాందా, బొల్లారం అని వ్రాయండి. చరిత్ర ఎక్కడో ఢిల్లీలోనో పుణేలోనో జరిగిన వ్యవహారమనుకునే పిల్లలు, తాము రోజూ దాటిపోయే జైలు గోడను ఆ తరువాత మరొక విధంగా చూస్తారు.

హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత బొల్లారం భవనాన్ని నిజాం నుండి తీసుకుని రాష్ట్రపతి విడిదిగా మార్చారు. సుమారు 90 ఎకరాల తోట నడుమ ఒకే అంతస్తు కట్టడం. పెద్ద పెద్ద మేడలను ఊహించుకుని వెళ్ళే పిల్లలు మొదట కొంత నిరాశ పడతారేమో గాని, ఒక్క విశేషం వారిని తప్పక ఆకట్టుకుంటుంది. వంటశాల విడిగా ఉన్నది; అక్కడి నుండి భోజనశాలకు నేల క్రిందుగా సొరంగ మార్గం వేశారు. వండిన పదార్థాలు ఆ దారిన వచ్చేవి. అంటే వడ్డించేవారి రాకపోకలు తోటలో తిరిగే దొరల కంట పడనక్కరలేదు. కట్టడం తనను కట్టించినవారి మనసును ఎట్లా బయటపెడుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఇప్పుడు ఆ సొరంగం గోడల మీద చేర్యాల శైలి చిత్రాలు ఉన్నవి.

చాలాకాలం పాటు ఈ ఇంటిని ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే ప్రజలకు చూపేవారు. 2023 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని సంవత్సరం పొడవునా సందర్శించే వీలు కల్పించారు. రాష్ట్రపతి విడిది చేసే రోజులలో మాత్రం ప్రవేశం ఉండదు. డిసెంబరులో ప్రయాణం పెట్టుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక రెసిడెంటు మొదటి ఇల్లు, కోఠీ భవనం, ఏమయినదో చూడండి. 1949లో అది ఆడపిల్లల కళాశాల అయింది. తరతరాలుగా కోఠీ ఉమెన్స్ కాలేజీ అని మనవాళ్ళు పిలుచుకునేది దానినే. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమయింది. దొరగారి భోజనశాల ఉన్న ఇంట తెలుగు ఆడపిల్లలు డిగ్రీలు చదివారు. ఉపాధ్యాయురాలిని కనుక కావచ్చు, బొల్లారం కంటె కోఠీ కథే నాకు ఎక్కువ ఇష్టం.

అసలు నాయకునికి ప్రభుత్వం ఖర్చుతో విశ్రాంతి గృహం ఎందుకన్న ప్రశ్నను పెద్ద తరగతుల పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఇంగ్లండులో దీనికొక సమాధానం దొరుకుతుంది. పూర్వం అక్కడి ప్రధానులు భూస్వాముల ఇళ్ళలో పుట్టినవారే కనుక ఎవరి పల్లెటూరి భవనం వారికి ఉండేది. ఇకమీదట భూమి లేనివారు కూడా ప్రధానులు కావచ్చునని గ్రహించి ఆర్థర్ లీ అనే ఆయన తన చెకర్స్ భవనాన్ని దేశానికి ఇచ్చివేశారు. 1917లో అందుకు చట్టం చేశారు. 1921 నుండి ప్రధానులు దానిని వాడుకుంటున్నారు. బీదవాడు కూడా ప్రధాని కావచ్చునన్న ఆలోచన ఒక ఇంటి దానపత్రంలో కనబడడం విశేషమే కదా! అమెరికాలో కథ ఎదురుగా నడిచింది. మేరీలాండ్ కొండలలో ప్రభుత్వోద్యోగుల కుటుంబాలు సెలవులు గడపడానికి 1930లలో కట్టిన శిబిరాన్ని 1942లో రూజ్‌వెల్ట్ తన విశ్రాంతి స్థలంగా తీసుకున్నారు. తరువాత ఐసెన్‌హోవర్ తన మనవడి పేరు మీదుగా దానికి క్యాంప్ డేవిడ్ అని పేరు పెట్టారు. 1978లో ఈజిప్టు, ఇజ్రాయెల్ దేశాల ఒడంబడిక కుదిరినది అక్కడే. అది నేటికీ ప్రజలకు తెరవని చోటు.

మన దేశంలో ఇటువంటి ఇల్లు ఒకటి పాఠశాల వైపు నడిచిన కథ ఉన్నది. దానిని నడిపించినది ఒక తెలుగు ఉపాధ్యాయుడు. సిమ్లాలో 1888 నాటికి పూర్తయిన వైస్రాయి భవనం స్వాతంత్ర్యం తరువాత రాష్ట్రపతి నివాస్ అయింది. వేసవిలో ఆంగ్ల సామ్రాజ్యాన్ని అక్కడి నుండే పాలించేవారు. తిరుత్తణిలో తెలుగు కుటుంబాన పుట్టి, జీవితమంతా పాఠం చెప్పి రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారికి ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే వాడుకునే ఆ మహాభవనం పండితులకు ఉపయోగపడితే బాగుంటుందనిపించింది. 1965 అక్టోబరులో ఉన్నత అధ్యయన సంస్థను ఆయనే అక్కడ ప్రారంభించారు. తాను మాత్రం పదవీ విరమణ చేసి మద్రాసు మైలాపూరులోని "గిరిజ" అన్న స్వంత ఇంటికి వెళ్ళి, 1975లో కన్నుమూసేవరకు అక్కడే ఉన్నారు. సెప్టెంబరు 5న మనకు పూలగుత్తులు ఇచ్చే పిల్లలకు ఈ కథ తెలియకపోవడం మన లోపమే గాని వారిది కాదు.

హైదరాబాదులో సరోజినీ నాయుడుగారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ కూడా ఇటువంటిదే. 1905లో వెలువడిన ఆమె కవితా సంపుటి పేరే ఆ ఇంటి పేరు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైనది ఆ ఇంటిలోనే.

ఇంతవరకు చెప్పినవి దూరపు ఊళ్ళు. ఇప్పుడు మనకు దగ్గరలోని ఇంటికి వద్దాం. చంద్రపూర్ నుండి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, వార్ధా పట్టణాన్ని ఆనుకుని సేవాగ్రాం ఉన్నది. 1930లో దండికి బయలుదేరినప్పుడు స్వరాజ్యం రాకుండా సాబర్మతికి తిరిగి రానని గాంధీజీ ప్రతిన పూనారు. అప్పటి నుండి ఆయన ఇల్లు లేని మనిషి. జమ్నాలాల్ బజాజ్ కోరిక మీద వార్ధాకు వచ్చి, 1936 ఏప్రిల్ 30న షేగాఁవ్ అనే ఆ కుగ్రామంలో అడుగుపెట్టారు. బుల్ఢాణా జిల్లాలో అదే పేరుగల పెద్ద ఊరు ఉండడంతో ఉత్తరాలు దారి తప్పుతున్నవని 1940లో దీనిని సేవాగ్రాం చేశారు.

అక్కడి బాపూ కుటీరం మట్టి గోడలు, వెదురు, పెంకులతో కట్టినది. చుట్టుపట్ల దొరికే సామాగ్రితో, చుట్టుపట్ల పనివారితోనే కట్టాలన్నది ఆయన నియమం. మొదట మీరాబెన్ ఉండిన ఆ గుడిసెలో ఆమె గోడలపై మట్టితోనే తీర్చిన బొమ్మలు ఈనాటికీ చూడవచ్చు. పక్కనే ఉన్న కార్యాలయంలో రెండు వస్తువులను పిల్లలకు చూపండి. ఒకటి, పాములను చంపకుండా పట్టి దూరంగా విడిచిపెట్టడానికి వాడిన పెట్టె. మరొకటి, వైస్రాయి లిన్‌లిత్‌గో గాంధీజీతో నేరుగా మాట్లాడటానికి పెట్టించిన టెలిఫోను. మట్టి ఇంటికి సిమ్లా భవనం ఫోను చేయవలసి వచ్చింది! ఇక్కడ వంటవారు నడిచే సొరంగం లేదు. వంట, ఊడ్పు, మరుగుదొడ్ల శుభ్రం, అన్నిటిలోను ఆశ్రమవాసులకు వంతులుండేవి. గాంధీజీని బీదరికంలో ఉంచడానికి చాలా డబ్బు ఖర్చవుతున్నదని సరోజినీ నాయుడుగారు ఛలోక్తి విసిరేవారని చెబుతారు. ఆ మాటను కూడా పిల్లలకు చెప్పండి. నాయకుని నిరాడంబరత వెనుక ఎందరి శ్రమ, ఎవరి ధనం ఉన్నదో ఆలోచించడం భక్తికి భంగం కాదు.

మన వృత్తికి సంబంధించిన అసలు విషయం ఇక్కడ ఉన్నది. గాంధీజీ ఈ ఊరిలో ఉండగానే 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యా సదస్సు జరిగింది. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య దేశమంతటా ఉండాలని, ఆ చదువు మాతృభాషలోనే సాగాలని, ఏదైనా చేతిపని దానికి కేంద్రం కావాలని అక్కడ తీర్మానించారు. దానికి రూపం ఇచ్చే సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టినది హైదరాబాదులో, 1897లో. ఆ జాకిర్ హుస్సేన్ 1967లో రాధాకృష్ణన్ తరువాత రాష్ట్రపతి అయ్యారు. అంటే, రెసిడెంటు దొర కోసం కట్టిన బొల్లారం విడిది, పిల్లవానికి వాని తల్లి భాషలోనే చదువు చెప్పాలని వార్ధాలో వ్రాసిన బడిపంతులుకు దక్కిందన్నమాట.

"తెలుగు చదివితే ఏమొస్తుంది మేడమ్? మరాఠీ, ఇంగ్లీషు చాలవా?" అని ప్రతి జూన్‌లోను అడిగే తల్లిదండ్రులతో నేను వాదించలేక అలసిపోతుంటాను. బొగ్గు గనిలో దిగి వచ్చిన తండ్రికి సిద్ధాంతం చెప్పడం నాకు చేతకాదు. కాని ఒక సెలవురోజున పిల్లను వెంటబెట్టుకుని సేవాగ్రాం వెళ్ళి, ఆ గుడిసె ముందు కూర్చుని, మాతృభాషలో చదువన్నది ఎక్కడో పుట్టిన ముచ్చట కాదని, మన విదర్భలోనే పుట్టిన తీర్మానమని చెప్పమని మాత్రం కోరగలను. తెలుగు తరగతిలో పిల్లలు లేకపోతే తరగతి ఉండదు; ఒకసారి మూసిన తరగతిని మళ్ళీ తెరిపించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

మరి తెలుగువాడు, మరాఠీ ఎరిగినవాడు, ఈ చాందాలో తిరిగినవాడు, దేశానికి ప్రధానమంత్రి అయినవాడు ఒక్కడు ఉన్నాడు కదా! పి.వి. నరసింహారావుగారు 1921 జూన్ 28న వరంగల్లు ప్రాంతపు లక్నేపల్లిలో పుట్టి, దత్తత మీద వంగరకు వచ్చారు. వంగరలోని ఇల్లు వందల ఎకరాల భూస్వామి ఇల్లు; గడి వంటి పాతకాలపు పెద్ద ఇల్లు. ఆ ఇంటి కుర్రవాడు 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులతో పాటు నిజాం రాజ్యపు కళాశాల నుండి బయటపడ్డాడు. ఉన్నచోట చదువు లేక సరిహద్దు దాటి మహారాష్ట్రకు వచ్చాడు. పుణే ఫెర్గుసన్ కళాశాలలో చదివి, నాగపూరు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తి చేశాడు.

1947, 1948 సంవత్సరాలలో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలవకుండా నిలిచినప్పుడు, నిజాం పోలీసులకు, రజాకార్లకు అందకుండా స్టేట్ కాంగ్రెసువారు రాజ్యపు సరిహద్దుల వెలుపల శిబిరాలు పెట్టుకున్నారు. వాటిలో ఒకటి ఆనాటి మధ్యపరగణాలలోని చాందా. అంటే మన చంద్రపూర్. యువకుడైన పి.వి. ఆ చాందా శిబిరంలో పనిచేశారు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయేవరకు సరిహద్దుకు ఇటువైపున ఉన్న ఈ ఊరు అటువైపు నుండి వచ్చినవారికి ఆశ్రయమయింది. వంగర గడిలో పడుకోవలసినవాడు చాందా శిబిరంలో పడుకున్నాడని నేను పిల్లలకు చెబుతాను. భావి ప్రధానికి మన ఊరు సెలవుల ఇల్లు కాదు, అజ్ఞాతవాసపు ఇల్లు.

ఆ తరువాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయి భూసంస్కరణలకు పూనుకున్నప్పుడు తన భూములలో అధికభాగాన్ని తానే వదులుకున్నారు. అదే సంవత్సరం నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాలను ప్రారంభించారు. 1984 ఎన్నికలలో స్వంతచోటైన హనుమకొండ ఓడించినా, విదర్భలోని రాంటెక్ గెలిపించి లోక్‌సభకు పంపింది. 1989లో మళ్ళీ పంపింది. 1985 సెప్టెంబరులో మానవ వనరుల మంత్రి అయ్యారు. నవోదయ విద్యాలయాలు ఆయన హయాంలో మొదలయినవి. తొలి రెండింటిలో ఒకటి హర్యానాలోని ఝజ్జర్‌లో, రెండవది మన అమరావతిలో. 1991 జూన్ 21 నుండి 1996 మే 16 వరకు ప్రధానిగా ఉన్నారు. 2004 డిసెంబరులో మరణించారు. 2024లో భారతరత్న ఇచ్చారు.

తెలుగు ఉపాధ్యాయులుగా మనం ఎక్కువగా చెప్పుకోవలసినది మాత్రం ఆయన అనువాదాలు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవల "పణ్ లక్షాత్ కోణ్ ఘేతో"ను "అబల జీవితం"గా తెలుగు చేశారు. విశ్వనాథ "వేయిపడగలు"ను "సహస్రఫణ్"గా హిందీ చేశారు. చదువు కోసం మహారాష్ట్రకు వచ్చినవాడు మరాఠీని నేర్చుకున్నాడు గాని తెలుగును పుణేలో వదిలిపెట్టి పోలేదు. మరాఠీ బాగా వస్తే తెలుగు పోతుందని, తెలుగు పట్టుకుంటే మరాఠీ రాదని అనుకునే తల్లిదండ్రులకు ఈ రెండు పుస్తకాల అట్టలు చూపితే చాలును.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. వచ్చే సెలవులకు ముందు ఈ పాఠం చెప్పి, పిల్లలచేత ఒక చిన్న పని చేయించండి. హైదరాబాదు వెళ్ళేవారు బొల్లారం చూసి ఆ సొరంగాన్ని గురించి పది వాక్యాలు వ్రాయాలి. ఊరిలో ఉండిపోయేవారు సేవాగ్రాం చూసి ఆ టెలిఫోనును గురించి వ్రాయాలి. చంద్రపూర్ నుండి రైలులో సేవాగ్రాం స్టేషనుకే చేరవచ్చు. అక్కడి నుండి ఆశ్రమానికి ఆటోలు దొరుకుతాయి.

మూడవ పని ఇంటి పెద్దలది. చాందా శిబిరం రోజులను కళ్ళతో చూసినవారు ఇప్పుడు తొంభై ఏళ్ళకు అటో ఇటో ఉంటారు. మన చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురాలలోను, 1982 వరకు ఈ జిల్లాలోనే ఉండిన సిరోంచ వైపున కూడా అట్లాంటి తాతలు, అమ్మమ్మలు ఇంకా కొందరు ఉండవచ్చు. ఏ పేటలో ఆ వచ్చినవారు ఉండేవారు, ఎవరింట వారికి అన్నం పెట్టారు, రాత్రులలో ఎవరు వచ్చిపోయేవారు అని పిల్లలు అడగాలి. వారు చెప్పిన మాటలను చెప్పిన యాసలోనే, తెలుగులో, నోటుపుస్తకంలో వ్రాసి తేవాలి. అక్షరదోషాల సంగతి తరువాత మనం చూసుకోవచ్చు.